పూటకూటి యింటి పద్దు

ప్రతి సంవత్సరము ఈ సంచికలో పిల్లల చదువును గురించియు, వారి మార్కులను గురించియు వ్రాయుట మాకు వాడుక. ఈ పర్యాయము పిల్లల లెక్కలను ప్రక్కనుంచి, పెద్దల లెక్కను గూర్చి తల్లిదండ్రులకు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో మన తెలుగు కుటుంబములు సేద్యమునే నమ్ముకొనియుండిన కాలము మారినది. బెంగళూరు నుండి చిక్కబళ్ళాపురము, బాగేపల్లి మీదుగా హైదరాబాదునకు పోవు జాతీయ రహదారి ప్రక్కన ఫలాహారశాలలును, ధాబాలును, టీ అంగళ్ళును వెలసినవి. నందికొండకు వచ్చు విహారయాత్రికులకు, కైవారమునకు వచ్చు భక్తులకు, మురుగమల్ల దర్గాకు వచ్చువారికి భోజనమును బసను సమకూర్చి జీవించువారు మనలో కలరు. 2008లో దేవనహళ్ళి యొద్ద విమానాశ్రయము తెరచిన పిమ్మట ఆ వైపు హోటలు పనులకు పోవు యువకులును కలరు. కావున ఈ వ్యాసవిషయము మన యిండ్లకు దూరమైనది కాదు.

ఒకనాటి ఉదయము మొదటి పీరియడులో పదుమూడేండ్ల బాలుడొకడు పుస్తకముపై తల వాల్చి నిద్రించుట చూచితిమి. కోపింపక కారణమడిగితిమి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, యింటి హోటలులో ఉల్లిపాయలు తరిగి, బల్లలు తుడిచి, ఎనిమిదిన్నర వరకు గల్లా యొద్ద కూర్చుండి బడికి వచ్చితినని చెప్పెను. తండ్రిని పిలిపించి మాటలాడితిమి. ఆయన మంచివాడు, కొడుకును బాధింపవలెనను తలంపు లేనివాడు.

"వాడు కూర్చుంటే నాకొక మనిషి కూలి మిగులుతుంది అయ్యవారూ. ఇద్దరు పనివాళ్ళతోనే దినానికి 240 మందికి పెట్టి పంపిస్తా ఉండాను. ఎదురుగా ఉండే హోటలాయప్పకు అయిదుగురు పనివాళ్ళు, వచ్చేది 320 మంది. ఎవరిది మంచి యాపారమో మీరే లెక్క వేసి చెప్పండి" అని ఆయన అడిగెను.

న్యాయమైన ప్రశ్నయే. అప్పటికప్పుడు తగిన సమాధానము చెప్పలేకపోతిమి. ఆ సమాధానమే ఈ వ్యాసము.

సేవను కొలుచుట

ఆయన యడిగిన దానిని పండితులు ఉత్పాదకత యందురు. మన దేశమున దీనికై జాతీయ ఉత్పాదకతా మండలి 1958లోనే ఏర్పడినది. మాట పెద్దదైనను అర్థము సులభము: వచ్చిన ఫలితమును, దానికై వెచ్చించిన దానితో భాగించుటయే ఉత్పాదకత. ఎకరమునకు ఎన్ని బస్తాల రాగులు పండినవని రైతు లెక్కించును. తెచ్చిన పట్టుపురుగు గ్రుడ్లకు ఎన్ని కిలోల గూళ్ళు దిగినవని శిడ్లఘట్ట సంతకు పోవు పట్టురైతు లెక్కించును. రాగులు బస్తాలోనికి వచ్చును, గూళ్ళు త్రాసునకు ఎక్కును. కొలుచుటలో చిక్కు లేదు.

హోటలులో అట్లు కాదు. అచట అమ్ముడగునది ఇడ్లీ మాత్రమే కాదు. వేడిగా వడ్డించుట, శుభ్రమైన బల్ల, అడుగకముందే వచ్చు మంచినీళ్ళు, ఒక పలకరింపు, ఇవన్నియు కలసి అతిథి కొను వస్తువగుచున్నవి. ఆడం స్మిత్ అను బ్రిటిషు ఆర్థికవేత్త 1776లో ప్రకటించిన తన ప్రసిద్ధ గ్రంథములో, ఇంటి సేవకుల పని చేసిన క్షణముననే నశించిపోవును గనుక అది ఉత్పాదక శ్రమ కాదని వ్రాసెను. నేటి ఆర్థికవేత్తలు ఆ మాట నంగీకరింపరు. కాని ఆయన చూపిన చిక్కు మాత్రము నిజమైనదే. మిగిలిన రాగులను రేపు అమ్మవచ్చును. నేటి ఉదయము ఖాళీగానున్న కుర్చీని రేపు అమ్మలేము.

ఈ వృత్తి మనవారికి క్రొత్తది కాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామములో, ఓరుగల్లు నగరమున ఒక్క రూకకు కమ్మని భోజనము పెట్టు పూటకూటి యింటి వర్ణన కలదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములోని పూటకూళ్ళమ్మను ఎరుగని తెలుగువారు అరుదు. భోజనము ధర మనకు తెలియును. ఆ వంటయింటిలో పొయ్యి ముందు ఎవరు ఎన్ని గంటలు నిలిచిరో మాత్రము ఎవరును వ్రాసిపెట్టలేదు. ఈ లోపము నేటి పద్దులలోను ఉన్నది.

ఫలితమును లెక్కించుటయందే యొక చిన్న చిక్కును చూడుడు. మన యూళ్ళలోను బెంగళూరులోను 'బైటూ కాఫీ' యడుగుట వాడుక. ఒక కాఫీని రెండు లోటాలలో పోసి యిద్దరికి ఇత్తురు. గల్లా లెక్కలో అది యొక కాఫీ. కడుగువాని లెక్కలో రెండు లోటాలు. కుర్చీల లెక్కలో ఇద్దరు మనుష్యులు. ఈ మూడింటిలో ఏది ఫలితము? అమ్మకమునే చూచు యజమానికి మొదటిది, పనివానికి రెండవది, స్థలమును చూచువానికి మూడవది సరియైన లెక్క. కావున కొలుచుటకు పూర్వము దేనిని, ఎవరి కొరకు కొలుచుచున్నామో నిశ్చయించుకొనవలెను.

మూడు ఉదాహరణములు

మనకు సమీపముననున్న మూడు ప్రసిద్ధ భోజనశాలలను చూచినచో ఈ విషయము స్పష్టపడును.

మొదటిది బెంగళూరులోని మావళ్ళి టిఫిన్ రూమ్స్. యజ్ఞనారాయణ మయ్య, ఆయన సోదరులు 1924లో దీనిని స్థాపించిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున బియ్యము దొరకుట కష్టమైనప్పుడు రవ్వతో ఇడ్లీ చేసి పెట్టిన హోటలు ఇదియే. చేతనున్న సరకు తగ్గినను వచ్చు ఫలితమును నిలుపుకొనుట ఉత్పాదకత పెంచుటయే గదా! 1975 నాటి అత్యవసర పరిస్థితిలో తినుబండారములను మిక్కిలి తక్కువ ధరలకే అమ్మవలెనని నిర్బంధము వచ్చినది. ఆ ధరలకు తమ నాణ్యమును నిలుపుట దుర్భరమై, వారు పొట్లములలో సిద్ధాహారములను అమ్ము వ్యాపారమునకు మరలిరి. ప్లేట్ల సంఖ్య మాత్రమే ఫలితమైనచో సరకు తగ్గించియైనను అన్నే ప్లేట్లు అమ్మవచ్చును. నాణ్యము కూడ ఫలితములో భాగమని నమ్మినవారు గనుక వారు వేరు దారి చూచుకొనిరి.

రెండవది దర్శిని. 1983లో బెంగళూరు జయనగరమున ఆర్. ప్రభాకర్ గారు 'కెఫే దర్శిని' యను పేర మొదలుపెట్టిన ఈ పద్ధతి నేడు మన పట్టణములకును వ్యాపించినది. ముందుగా డబ్బు చెల్లించి చీటీ కొనవలెను, తానే పోయి ప్లేటు తెచ్చుకొనవలెను, నిలుచుండి తినవలెను. కుర్చీలు లేవు, సప్లయర్లు లేరు. కొద్ది స్థలములో కొద్దిమంది పనివారితో ఎక్కువమందికి పెట్టగలుగుచున్నారు. పనివానికి ఇంతమంది అతిథులని లెక్కించినచో దర్శిని ఉత్పాదకత కూర్చుండి తిను హోటలు కంటె చాల ఎక్కువగా కనిపించును. కాని సప్లయరు చేయవలసిన పనిని ఎవరు చేయుచున్నారు? అతిథియే చేయుచున్నాడు. అతని శ్రమ యజమాని పద్దులోనికి రాదు. అయినను ఇందు అన్యాయము లేదు. అతిథి తెలిసియే ఆ పని చేయుచున్నాడు, దానికి ప్రతిగా ధర తగ్గుటయు కాలము కలసివచ్చుటయు అతనికి లాభము.

మూడవది తిరుమల. 1985లో దినమునకు సుమారు 2,000 మంది భక్తులకు భోజనముతో అచట నిత్యాన్నదానము మొదలైనది. 2011లో తెరచిన అన్నప్రసాద భవనమున ఒక్కసారి నాలుగువేలమంది కూర్చుండగల నాలుగు హాళ్ళు కలవు. దానికి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టిరి. పదునెనిమిదవ శతాబ్దమునకు చెందిన ఆ కవయిత్రి పుట్టిన తరిగొండ, వాయల్పాడు ప్రాంతమున, మన సరిహద్దునకు దూరముకాని గ్రామము. అన్నప్రసాదమునకు ధర లేదు గనుక అమ్మకమును గంటలతో భాగించు సూత్రము అచట చెల్లదు. ఎందరు భుజించిరి, ఎంతసేపు వేచియుండిరి, ఎంత యన్నము వృథాయైనది అనునవే అచటి కొలతలు. వడ్డించువారిలో జీతగాండ్రతోపాటు స్వచ్ఛందముగా వచ్చిన శ్రీవారి సేవకులును ఉందురు. జీతముల పద్దులో వారి పేరుండదు. కాని వారు లేనిచో పంక్తి సాగదు.

ఈ మూడింటి వలన ఒక పాఠము తెలియుచున్నది. ఏ భోజనశాల యుత్పాదకతనైనను కొలుచునప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న యిది: పద్దులోనికి రాకుండ పనిచేయుచున్నవారెవరు? దర్శినిలో అతిథి, తిరుమలలో సేవకుడు. మన చిన్న హోటళ్ళలో ఎవరు? ఆ సంగతికి వచ్చుటకు ముందు, కొలతలలో తరచుగా జరుగు రెండు పొరపాట్లను తెలుసుకొనవలెను.

కుర్చీలు, పెనము, గది

మొదటి పొరపాటు తొందర. ఒక హోటలులో 24 కుర్చీలున్నవనియు, ఒక్కొక్క అతిథి 20 నిమిషములు కూర్చుండుననియు అనుకొందము. ఒక కుర్చీ గంటకు ముగ్గురికి పనికివచ్చును, కావున గంటకు 72 మందికి పెట్టవచ్చును. ఉదయము రద్దీవేళ గంటకు 90 మంది వచ్చినచో 18 మంది నిలువవలెను లేక వెడలిపోవలెను. లోపలనున్నవారి సంఖ్య, నిమిషమునకు వచ్చువారి సంఖ్యను వారు గడపు నిమిషములతో హెచ్చించిన దానికి సమానమని జాన్ లిటిల్ అను అమెరికను పండితుడు 1961లో నిరూపించెను. మన లెక్కలో నిమిషమునకు 1.2 మంది, 20 నిమిషములు, హెచ్చించినచో 24. కుర్చీలు సరిగా నిండినవి.

ఇప్పుడు యజమాని ఏమి చేయును? అతిథి తినుట ముగియకముందే బిల్లు పెట్టించి, బల్ల తుడిపించి, 15 నిమిషములలో లేపుటకు చూచును. అట్లు చేసినచో గంటకు 96 మందికి పెట్టవచ్చునని కాగితము చెప్పుచున్నది. కాని లోపల పెనముపై ఒక వాయికి 6 దోసెలు, వాయికి 6 నిమిషములు పట్టినచో గంటకు దిగునవి 60 దోసెలే. వచ్చినవారందరును దోసెయే అడిగినప్పుడు కుర్చీలను ఎంత తొందరపెట్టినను 61వ వానికి దోసె రాదు. ఇరుకు పెనము వద్ద నున్నది, తొందర కుర్చీల వద్ద జరుగుచున్నది. అతిథికి కష్టము, సప్లయరుకు చీవాట్లు, ఫలితము శూన్యము. రెండవ పెనము పెట్టుటయో, ఆ వేళలో ఇడ్లీ, ఉప్మాలను ముందుగా సిద్ధపరచుటయో దీనికి మందు.

రెండవ పొరపాటు రాబడినే చూచుట. 20 గదుల లాడ్జి యొకటి కలదనుకొందము. గది 1,000 రూపాయలకు ఇచ్చినప్పుడు 12 గదులు నిండినవి. రాబడి 12,000. దానిని మొత్తము 20 గదులతో భాగించినచో గదికి 600 రూపాయలు. ధర 800కు తగ్గించగా 16 గదులు నిండినవి. రాబడి 12,800, గదికి 640. లాడ్జీలవారు మెచ్చుకొను కొలత ఇదియే, దీని ప్రకారము ధర తగ్గించుట లాభము. కాని నిండిన ప్రతి గదికిని దుప్పట్లు ఉతుకుట, సబ్బు, నీరు, కరెంటు, ఊడ్చుట కలసి 250 రూపాయల ఖర్చున్నదనుకొనుడు. మొదటి పద్ధతిలో 3,000 పోగా మిగులునది 9,000. రెండవ పద్ధతిలో 4,000 పోగా మిగులునది 8,800. నాలుగు గదులు అధికముగా ఊడ్చి, 200 రూపాయలు తక్కువ తెచ్చుకొన్నట్లయినది. భాగహారము తప్పు కాదు, వెచ్చించిన దానిలో కొంత విడిచిపెట్టుటయే తప్పు.

ఇంటివారి గంటలు

ఇక ఆ తండ్రి ప్రశ్నకు వత్తము. లెక్కకు అనుకూలముగా అంకెలను కొంచెము సరిచేసికొందము.

ఆయన హోటలులో కూలివారు ఇద్దరు, ఒక్కొక్కరికి 10 గంటల పని, మొత్తము 20 గంటలు. 240 మంది అతిథులను 20తో భాగించినచో గంటకు 12 మంది. ఎదుటి హోటలులో అయిదుగురు, ఒక్కొక్కరికి 8 గంటలు, మొత్తము 40 గంటలు. 320 మందిని 40తో భాగించినచో గంటకు 8 మంది. ఈ లెక్క ప్రకారము మన తండ్రిదే పైచేయి. ఆయన గర్వపడుటలో తప్పులేదు.

కాని పొయ్యి వద్ద ఆయన 14 గంటలు నిలుచుచున్నాడు. ఆయన భార్య పిండి రుబ్బుట మొదలు రాత్రి అంట్లు తోముట వరకు 12 గంటలు పనిచేయుచున్నది. కొడుకు 4 గంటలు. ఈ 30 గంటలు ఏ పద్దులోను లేవు. వీనిని కలిపినచో మొత్తము 50 గంటలు. 240 మందిని 50తో భాగించినచో గంటకు 4.8 మందియే. ఎదుటి హోటలులో ఇంటివారు పనిచేయుట లేదు, యజమాని మాత్రము 10 గంటలు గల్లా చూచును. అచటను మొత్తము 50 గంటలే. 320 మందిని భాగించినచో 6.4. ఇప్పుడు త్రాసు తిరుగబడినది.

రూపాయలలోను ఇట్లే చూడవచ్చును. మనిషికి 50 రూపాయల చొప్పున మన తండ్రి యమ్మకము దినమునకు 12,000. సరకులు, గ్యాసు, కరెంటు, అద్దె కలసి 7,500 పోయినచో మిగులునది 4,500. ఇదియే ఆ యింటిలో శ్రమ వలన చేరిన విలువ. ఇందులో ఇద్దరు కూలివారికి 800 చొప్పున 1,600 పోగా 2,900 మిగిలినది. దీనిని ఆయన లాభమనుచున్నాడు. కూలివానికి 10 గంటలకు 800 అనగా గంటకు 80 రూపాయలు. అదే రేటున ఇంటివారి 30 గంటలకు కూలి వేసినచో 2,400. నిజమైన లాభము 500 రూపాయలే. మిగిలినది లాభము కాదు, ముగ్గురు మనుష్యులు తమకు తాము ఇచ్చుకొనని కూలి.

ఇందువలన ఇంటివారు పనిచేయరాదని మా యభిప్రాయము కాదు. మన చిన్న హోటళ్ళు నిలిచియుండుట తల్లిదండ్రుల కష్టము వలననే. చెప్పవచ్చినదేమనగా, లెక్కకెక్కని శ్రమ ఉచితమైన శ్రమగా కనిపించును, ఉచితమైన దానిని మనుష్యుడు పొదుపుగా వాడడు. తల్లి నడుము నొప్పి యేనాడును ఖర్చుల పద్దులో కనిపింపదు గనుక, గ్రైండరు కొనుట యనవసరమైన ఖర్చుగా తోచును.

పిల్లల విషయములో చట్టమును కూడ తెలిసికొనవలెను. పదునాలుగేండ్లలోపు పిల్లలను హోటళ్ళలోను ధాబాలలోను పనికి పెట్టుకొనరాదను నిషేధము 2006 అక్టోబరు 10 నుండి అమలులోనికి వచ్చినది. 2016లో చేసిన సవరణ ఆ వయస్సు పిల్లలను ఏ పనిలోను నియమింపరాదని చెప్పినది. స్వంత కుటుంబ వ్యాపారములో, ప్రమాదము లేని పనులలో, బడివేళల తరువాతను సెలవులలోను సాయపడుటకు మాత్రము అవకాశమిచ్చినది. అప్పుడు కూడ చదువునకు భంగము కలుగరాదు. మొదటి పీరియడులో నిద్రించు బాలుని చదువునకు భంగము కలుగలేదని ఎవరు చెప్పగలరు?

కొలతయే గురియైనప్పుడు

కొలతలు మంచివే. కాని ఒక కొలతనే గురిగా పెట్టుకొన్నచో అది మంచి కొలతగా నిలువదని చార్లెస్ గుడ్‌హార్ట్ అను బ్రిటిషు ఆర్థికవేత్త 1975లో చూపిన భావము లోకమున ప్రసిద్ధమైనది. ఎక్కువ బల్లలు చూచిన సప్లయరుకే బహుమానమన్నచో అతడు మంచినీళ్ళు పోయుట మానివేయును. ఫోనులో అతిథు లిచ్చు నక్షత్రములే గురియైనచో, అయిదు నక్షత్రములు వేయుడని బ్రతిమాలుటయే ఒక పనియగును.

మరియొక సంగతి. కొన్ని సేవలలో గంటకు ఇంతమంది అను లెక్క పెరుగకపోవుటయే సహజము. 1966లో విలియం బౌమల్, విలియం బోవెన్ అను అమెరికను పండితులు సంగీత నాటకశాలల ఖర్చులను పరిశీలించి యిట్లు చూపిరి: నలుగురు వాయింపవలసిన కచ్చేరికి నూరేండ్ల క్రిందటను నలుగురే కావలెను, నేడును నలుగురే. యంత్రములు పెరిగిన కర్మాగారములలో జీతములు పెరుగుకొలది ఇట్టి సేవల ఖర్చును పెరుగుచుండును. అది వారి సోమరితనము కాదు. మా వృత్తియు ఇట్టిదే. ఒక తరగతిలో 40 మందికి బదులు 80 మందిని కూర్చుండబెట్టినచో ఉపాధ్యాయుని యుత్పాదకత కాగితముపై రెండింతలగును. ఆ తరగతిలో తమ బిడ్డను కూర్చుండబెట్టుటకు ఏ తల్లియైనను ఇష్టపడునా?

మా మనవి

హోటలు, లాడ్జి, టీ అంగడి, ఏది నడుపువారైనను ఒక్క వారము ఈ పద్దును వ్రాసి చూడవలెనని మా మనవి. ఒక నోటుపుస్తకములో నాలుగు గడులు గీయుడు. మొదటి గడిలో ఆ దినము పనిచేసిన ప్రతివారి పేరు, గంటలు వ్రాయుడు. అందు ఇంటి యిల్లాలి పేరును, పిల్లల పేర్లును ఉండవలెను. రెండవ గడిలో వచ్చిన అతిథుల సంఖ్య. మూడవ గడిలో చోటులేకయో ఆలస్యమైయో వెడలిపోయినవారి సంఖ్య. నాలుగవ గడిలో మిగిలి పారవేసిన ఆహారము. మునుపు వచ్చి మరల వచ్చినవారిని గుర్తుపట్టినచో వారి పేరు ప్రక్కన ఒక చుక్క పెట్టుడు. సేవలో నాణ్యమునకు ఆ చుక్క కంటె నమ్మదగిన సాక్ష్యము లేదు. వారము చివర కూడికలు, భాగహారములు పిల్లలచే చేయింపుడు. గల్లా వద్ద నాలుగు గంటలు కూర్చుండుట కంటె ఈ అరగంట వారికి ఎక్కువ లెక్కలు నేర్పును.

ఆ తండ్రితో కూడ ఈ లెక్క వేసితిమి. బాలుని 4 గంటలకు బదులు ఒక మనిషిని పెట్టుకొన్నచో దినమునకు 320 రూపాయలు పోవును. ఉదయపు రద్దీలో దర్శిని పద్ధతిని డబ్బు ముందుగా తీసికొని చీటీ ఇచ్చినచో, వంటకు వడ్డనకు మధ్య తిరుగు పని కొంత తగ్గి, ఆ మనిషి రెండు గంటలకే చాలును. అప్పుడు ఖర్చు 160 రూపాయలు. ఆయన చాలసేపు కాగితమును చూచి, "అంటే నేను వీని తెల్లవారిని 160 రూపాయలకు అమ్ముకొంటా ఉండానన్న మాట" అనెను. మేమా మాట అనలేదు, ఆయన లెక్కయే అనిపించినది.

చివరకు ఒక మాట. చిక్కబళ్ళాపురమునకు సమీపముననున్న ముద్దేనహళ్ళిలో తెలుగు మాటలాడు కుటుంబమున జన్మించి, చిక్కబళ్ళాపురము బడిలో చదువుకొని, చిన్నతనముననే తండ్రిని కోల్పోయిన బాలుడొకడు ఉండెను. ఇతర పిల్లలకు పాఠములు చెప్పి సంపాదించుకొనుచు, బెంగళూరు సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో బి.ఏ. పట్టము పొందెను. ఆయనయే 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా నుండిన మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు. నీటిని, కాలమును, ధనమును ఇంత జాగ్రత్తగా కొలిచినవారు అరుదు. ఆయనను కుటుంబమునకు ఆసరాగా ఏదైన అంగడిలో కూర్చుండబెట్టియున్నచో, ఆనాటి కూలి రేటున దినమునకు కొన్ని అణాలు మిగిలియుండును.

పైన మేము బాలుని గంటకు కూలివాని రేటున 80 రూపాయలు వేసితిమి. లెక్క సాగుటకై అట్లు వేసితిమే కాని అది సరియైన ధర కాదు. పిల్లవాని గంటకు సరియైన ధర యెంతయో మాకు చెప్పుట శక్యము కాదు. అది అతడు పెద్దవాడైన పిమ్మటగాని తేలునది కాదు. అంతవరకు ఆ గంటలను ఖర్చుపెట్టక భద్రపరచుటయే వివేకము. ఆ బాలుడు ఇప్పుడు మొదటి పీరియడులో మేలుకొనియున్నాడు. ఈ సంవత్సరము మా పద్దులో మేము వ్రాసికొన్న లాభములలో అది యొకటి.